బుల్లోడి మెడపట్టీ

ఫిబ్రవరి 9

రెల్లులంక కొబ్బరి సహకార సంఘానికి పదకొండు చింపాంజీలు ఉన్నాయి. వాటి ఆరోగ్యం చూసే పని నాది. నా పేరు సుభద్ర. వారానికి ఒకసారైనా ఈ పుస్తకం రాయాలని సంఘం నియమం. చింపాంజీని 'అది' అనే రాయాలన్నది ఇంకో నియమం. ఇళ్ళలో మాత్రం ఎవరూ అలా అనరు.

పొద్దున్న ఆరింటికి బయలుదేరి ఇల్లిల్లూ తిరిగాను. తూకం, పళ్ళు, గోళ్ళు చూశాను. మెడపట్టీల్లో మందు గొట్టాలు మార్చాను. పట్టీ ఎప్పుడూ నాడి చూస్తుంటుంది. కోపం పెరుగుతోందని తెలిస్తే శాంతించే మందు ఒక చుక్క ఒంట్లోకి వదులుతుంది. రోజుకి ఎన్ని చుక్కలు పడ్డాయో నా చేతి మీటరులో కనిపిస్తుంది. పన్నెండు దాటితే పట్టీ ఇంక వదలదు.

మంగతాయారు పిన్ని ఇంట్లో ఉండే బుల్లోడు: మగది. వయసు తొమ్మిదేళ్ళు. తూకం యాభై రెండు కిలోలు. నిన్న పడిన చుక్కలు ఆరు. కిందటి ఫిబ్రవరిలో నాలుగు. నిన్న అరవై ఒక్క చెట్లెక్కి కాయ దింపింది. లేత గెల ఒక్కటీ తుంచలేదు. పనికి తగినది.

ఈ లంకలో మనిషి చెట్టెక్కి పద్నాలుగేళ్ళయింది. దింపు తెలిసినవాళ్ళంతా సముద్రపు గోడ పనికి పోయారు. ఆ తర్వాతే ఈ పిల్లలు వచ్చాయి. నాలుగు నెలల పిల్లల్ని పెంపక కేంద్రం వాళ్ళు ఇంటికొకటి చొప్పున ఇచ్చారు. మనుషుల మధ్య పెరిగితే మనిషి మాట వింటాయన్నారు. మూడు తరాలుగా సాధువైన వాటిని ఏరి కలిపిన జాతి అన్నారు. బుల్లోడికి సీసాతో పాలు పట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఫిబ్రవరి 18

పిన్ని భర్త ముక్తేశ్వరరావు బాబాయిని తుంటి ఆపరేషన్‌కి కాకినాడ తీసుకెళ్ళారు. ఆరేడు వారాలు అక్కడే ఉండాలట. పిన్ని వెళ్ళలేదు. బుల్లోడికి ఎవరు పెడతారని ఆగిపోయింది. బాబాయి తమ్ముడు తోడు వెళ్ళాడు.

బాబాయి వెళ్ళిన రోజు నుంచి బుల్లోడు ఆయన మంచం మీద పడుకుంటోంది. ఆయన పీట మీద కూర్చుని తింటోంది. పిన్ని నవ్వుతూ చెప్పింది, ఇంట్లో మగదిక్కు లేదని దానికి తెలిసిపోయిందని. చుక్కలు ఏడు.

మార్చి 2

బుల్లోడి కోరలు పూర్తిగా దిగాయి. పైవి నా బొటనవేలి మొదటి కణుపంత ఉన్నాయి. నోరు తెరిపించడానికి పావుగంట పట్టింది. పిన్ని భుజం మీద చెయ్యి వేశాకే తెరిచింది. నేను వంగినప్పుడల్లా వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చుక్కలు ఎనిమిది.

తోటలో కాయలు ఏరేవాళ్ళు కూడా ఒక మాట చెప్పారు. నిన్న చెట్టు మీదున్న బుల్లోడు కింద మనిషి వచ్చేదాకా ఆగి గెల వదిలిందట. గెల ఆ మనిషికి జానెడు దూరంలో పడింది.

ఈ రెండు సంగతులూ సంఘం ప్రెసిడెంటు దొరబాబు గారికి చెప్పాను. ఒక నెల దింపు మానిపించి బోనులో ఉంచి చూద్దామన్నాను. ఆయన చాలాసేపు లెక్కల పలక చూస్తూ కూర్చున్నారు. మొత్తం దింపులో నాలుగో వంతు బుల్లోడిదే. "ఈ వేసంగి గట్టెక్కనియ్యమ్మా. తర్వాత నువ్వెలా అంటే అలాగే" అన్నారు.

తగినది అని రాసి సంతకం పెట్టాను.

మార్చి 11

ఇంటికి ఎవరొచ్చినా బుల్లోడు నిలబడి అటూ ఇటూ ఊగుతోంది. కుర్చీని వాకిలి పొడుగునా ఈడ్చి గోడకేసి కొడుతోంది. పాలు తెచ్చే రత్నం మీదికి క్యాను విసిరింది. తగల్లేదు. రత్నం ఇప్పుడు పాలు గేటు బయటే పెట్టి పోతోంది.

ఎప్పుడైనా కరిచిందా అని పిన్నిని అడిగాను. లేదంది. మళ్ళీ అడిగాను.

"ఆడు ఆడుకుంటున్నాడే అమ్మాయ్. ఆడి బలం ఆడికి తెలీదు" అంది.

చుక్కలు తొమ్మిది. తగినది.

మార్చి 21

పెంపక కేంద్రానికి రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. ఈ వయసులో కొంచెం చురుకుదనం మామూలేనని, పట్టీ చూసుకుంటుందని రాశారు. మందు గాఢత పెంచిన కొత్త గొట్టాలు పంపారు. అవే అమర్చాను. మూడు రోజులు చుక్కలు నాలుగుకి పడిపోయాయి. నాలుగో రోజు పది.

మెడపట్టీ కింద చర్మం కమిలింది. మందు రాస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. నొక్కలేదు. పట్టుకుని నా మొహం చూస్తూ కూర్చుంది, అంతే. నేను కదల్లేదు. పిన్ని లోపలి నుంచి పిలిచాక వదిలింది.

నాకు భయం వేసింది. ఆ సంగతి రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు. తగినది.

ఏప్రిల్ 3

బాబాయి వచ్చాడు. పడవ రేవుకి నేనూ వెళ్ళాను. నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. పిన్నితో వచ్చిన బుల్లోడు ఊతకర్రని వాసన చూసింది. తర్వాత బాబాయి చేతిని పెదాలతో తాకింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం బాబాయి తన మంచం మీద పడుకున్నాడు. బుల్లోడు గడపలో కూర్చుంది. పిన్ని పెట్టినది ముట్టుకోలేదు. సాయంత్రం నాలుగింటికి నేను వెళ్ళేసరికి అలాగే కూర్చుని ఉంది. చుక్కలు పదకొండు.

వారం పాటు తోటలో షెడ్డులో ఉంచుదామన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు కూడా ఒంటరిగా పడుకోలేదంది.

బాబాయి నవ్వాడు. "నా భుజాల మీద తిరిగినోడే కదమ్మా. నన్నేం చేత్తాడు?"

షెడ్డులో ఉంచమని చెప్పానని ఇక్కడ రాస్తున్నాను. చెప్పడం వరకే చేశాను. కింద మామూలుగా సంతకం పెట్టాను.

ఏప్రిల్ 8

ఏప్రిల్ 6న జరిగినది ఈ రోజు రాస్తున్నాను.

ఉదయం పదీ ఇరవైకి నేను మూడో ఇంట్లో ఉండగా మీటరు మోగింది. బుల్లోడు. పన్నెండు. పరిగెత్తాను. మత్తు తుపాకి నా సంచిలో ఉంది. తూటా తగిలాక మందు తలకెక్కడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది.

అంతకు ముందు జరిగింది పిన్ని తర్వాత చెప్పింది. బాబాయి వాకిట్లో పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. బుల్లోడు వచ్చి కంచం అంచు పట్టుకుంది. బాబాయి ఎప్పట్లాగే "ఆగరా" అని వేలితో కంచం మీద తట్టాడు. బుల్లోడు ఆ చెయ్యి పట్టుకుని నోట్లో పెట్టుకుంది. తర్వాత మొహం. అన్నం వార్చేంత సేపు కూడా పట్టలేదంది పిన్ని. ఆమె పచ్చడిబండ తీసుకుని దాని వీపు మీద కొట్టింది. అది వెనక్కి తిరిగి, ఆమె చేతిలోంచి బండ మెల్లగా తీసుకుని, కింద పెట్టి, మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళింది.

నేను గేటు దగ్గరికి చేరేసరికి బాబాయి వాకిట్లో బోర్లా పడి ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. బుల్లోడు ఒళ్ళంతా నిక్కబొడుచుకుని ఆయన చుట్టూ తిరుగుతోంది. ఆయన కాలు కదిలితే చాలు, దగ్గరికి వస్తోంది. పిన్ని అరుగు మీద నిలబడి ఉంది. బుల్లోడు ఒక్కచోట నిలవకపోవడంతో నాకు గురి కుదరలేదు. గురి తప్పితే రెండో తూటా నింపే వ్యవధి ఉండదు.

పరిగెత్తవద్దని, ఏడవవద్దని, అక్కడే కూర్చోమని పిన్నికి మెల్లగా చెప్పాను. ఆమె అరుగు అంచున కూర్చుంది. నేను చెప్పని పని ఒకటి చేసింది. కొప్పు ముడి విప్పింది. రోజూ మధ్యాహ్నం బుల్లోడు ఆమె తలలో పేలు చూసేది. తొమ్మిదేళ్ళ అలవాటు అది.

"రా నాన్నా. తల దురదగా ఉంది, చూద్దువుగాని" అంది.

బుల్లోడు ఆగింది. బాబాయిని చూసింది. ఆమెను చూసింది. వచ్చి ఆమె వెనక కూర్చుని, ఆ చేతులతోనే పాయ తీసి చూడటం మొదలుపెట్టింది.

మత్తు తూటా దాని తొడ మీద కొట్టాను. ఉలిక్కిపడింది. తూటా పీకి, దాన్ని తిప్పి చూసి, పిన్నికి చూపించింది.

"ఏం లేదు. చీమ కుట్టింది" అంది పిన్ని. దాని చేతిలోంచి తూటా తీసుకుని చీర మడతలో పెట్టుకుంది.

ఆ తర్వాత మేం ఎదురుచూశాం. పిన్ని మాట్లాడుతూనే ఉంది. ఎడమ పక్క చూడు, చెవి వెనక చూడు అంటోంది. ఒకసారి బాబాయి మూలిగాడు. బుల్లోడు చేతులు ఆగిపోయాయి. ఆమె గొంతు ఏమీ మారకుండా, అదే లాలింపుతో "ఏవండీ, కదలకండి" అంది. ఆయన కదల్లేదు. ఆమె చూపు ఒక్క క్షణం కూడా ఆయన మీద నుంచి పక్కకి పోలేదు. జుట్టులోంచి భర్త రక్తం మెడ మీదికి కారుతోంది.

మీటరు లెక్క ప్రకారం ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. బుల్లోడు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నేను గేటు తీశాను. ఆమె దాని తలని రెండు చేతులతో ఎత్తి అరుగు మీద పెట్టి, భర్త దగ్గరికి వెళ్ళింది.

పదకొండింటికి ఆసుపత్రి పడవ వచ్చింది.

ఏప్రిల్ 9

జిల్లా పశువైద్యుడి ఉత్తర్వు మేరకు నిన్న సాయంత్రం బుల్లోడికి ఇంజెక్షన్ ఇచ్చాను. అప్పటిదాకా బోనులోనే ఉంది. నన్ను చూసి చెయ్యి బయటికి చాపింది. నరం దొరకడం తేలికైంది. 5:40కి గుండె ఆగింది. పట్టీ విప్పితే మెడ చుట్టూ పుండు.

ఎన్నింటికి పోయిందో చెప్పమని పిన్ని అడిగింది. ఆసుపత్రికి ఫోను చేసి చెప్పాను. వాడికి నొప్పి తెలియలేదని కూడా చెప్పాను. ఆమె సరే అంది. బాబాయికి కట్లు మార్చేవాళ్ళు ఇంకా రాలేదని, చూసి వస్తానని ఫోను పెట్టేసింది.

ఏప్రిల్ 19

బుల్లోడి పట్టీని పరీక్షించి కేంద్రం నివేదిక పంపింది. పట్టీ సక్రమంగా పనిచేసింది అని ఉంది.

ఈ వారమంతా ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి కరిచిందా అని అడగలేదు. చేతులు, భుజాలు చూపించమన్నాను. ముందు నాది చూపించాను. నా ఎడమ మోచేతి కింద గాటు ఉంది. మూడేళ్ళ కిందట రాజ్యం అనే ఆడ చింపాంజీ కరిచింది. అప్పుడు ఈ పుస్తకంలో 'గోరు గీసుకుంది' అని రాశాను.

నాది చూశాక వాళ్ళూ చూపించారు. కొడవలి తెగిందన్నవి, తలుపు నలిగిందన్నవి, కుక్క కరిచిందన్నవి. పది ఇళ్ళలో ఇరవై మూడు గాట్లు. ఒకావిడకి చెవి తమ్మె సగం లేదు. కమ్మ లాగి తెగిందని ఊరంతా నమ్మాం. కమ్మ లాగిన మాట నిజమే, లాగింది చింపాంజీ.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. పిన్ని జాకెట్టు పక్కకి జరిపి భుజం చూపించింది. బుల్లోడు తన ఆరో ఏట కరిచిన గాటు. ఒకటి కాదు, మూడు.

"పెంచిన పిల్లోడు కరిత్తే ఎవరికి చెప్పుకుంటామే" అంది. "చెప్తే తీసుకుపోతారు కదా."

నాదీ కలిపి మొత్తం ఇరవై ఏడు.

ఏప్రిల్ 28

సంఘం హాలులో విచారణ జరిగింది. బాబాయి కుడి చేతికి మూడు వేళ్ళు లేవు. ఎడమ కన్ను పోయింది. ముక్కుకి ఇంకా రెండు ఆపరేషన్లు ఉన్నాయి. మాట వస్తోంది, తేలిగ్గా అర్థం కావడం లేదు. ఇవన్నీ విచారణాధికారి చదివారు.

తగినది అని ఎవరు సంతకం పెట్టారని అడిగారు. నేనేనన్నాను. ఈ పుస్తకం తెరిచి ఫిబ్రవరి నుంచి ఉన్న సంతకాలన్నీ చదివాను. చుక్కల లెక్కలు కూడా చదివాను. ప్రమాదం తెలిసి ఎందుకు పెట్టావని అడిగారు.

"పెట్టకపోతే ఆ రోజు దింపు ఆగిపోయేదండి. దింపు ఆగితే అందరూ నన్నడుగుతారు. అందుకు పెట్టానండి."

దొరబాబు గారు అంతసేపూ నేలచూపులే చూస్తున్నారు. ఉన్నట్టుండి లేచి, "ఆ అమ్మాయి ముందే చెప్పింది, నేనే వినలేదు" అన్నారు. అది నిజమే. సంతకం నాదన్నది కూడా నిజమే. రెండూ రాసుకోమన్నాను.

నన్ను పనిలోంచి తీయలేదు. మిగిలిన పదింటి దగ్గరికి వెళ్ళగలిగిన మనిషి లంకలో ఇంకొకరు లేరు.

మే 30

పదింటినీ మనుషులు లేని చివరి లంకకి తరలించడం పూర్తయింది. చుట్టూ ఎత్తైన కంచె వేశారు. మెడపట్టీలు తీసేశాను. తిండి పడవలో తీసుకెళ్ళి బయటి నుంచి లోపలికి జారవిడుస్తాం. లోపలికి ఎవరూ వెళ్ళకూడదు.

వాటికి ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. సాటి చింపాంజీ ముందు ఎలా తల వంచాలో, ఎలా సర్దుకుపోవాలో ఎవరూ నేర్పలేదు. మొదటి వారంలోనే రెండు కొట్లాటలు. ఒక మగదానికి చెయ్యి విరిగింది. మగవాటిని వేరు చేశాం. రాజ్యం దుప్పటి మడత పెట్టుకుని రోజంతా రేవు వైపు కంచె దగ్గరే కూర్చుంటోంది. ఇంకొకటి కంచంలో పెడితే తప్ప తినడం లేదు. మూడు రోజులు చూసి కంచం కూడా జారవిడిచాను.

పెంచినవాళ్ళు పడవెక్కుతామని అడుగుతున్నారు. వద్దంటున్నాను. పెంచిన మనుషులు కనిపించిన రోజున అవి ఇంకేమీ తినవు.

ఆగస్టు 24

కాయ రాలితే ఏరుకుంటున్నాం. సగం ముదిరి మొలకలొస్తున్నాయి. తోటలోకి వెళ్ళేవాళ్ళు టోపీలు పెట్టుకుంటున్నారు. అయినా పోయిన వారం ఒకాయన భుజం విరిగింది. గోడ పని నుంచి ఇద్దరు పాతవాళ్ళని పిలిపించారు. ఇద్దరికీ అరవై దాటాయి. రోజుకి పన్నెండు చెట్ల కంటే ఎక్కలేకపోతున్నారు.

సెప్టెంబరు 13

పెంపక కేంద్రం నుంచి శ్రీవత్స అనే ప్రతినిధి వచ్చాడు. మర్యాదస్తుడు. బాబాయిని చూసి చేతులు జోడించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. అది నటన అనుకోను.

సంఘం హాలులో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. ఇది నాలుగో తరం అన్నాడు. కోపానికి మూలమైన దాన్నే తగ్గించామన్నాడు. మెడపట్టీ అవసరం లేదన్నాడు. తర్వాత బుట్ట మూత తీశాడు. లోపల నాలుగు నెలల ఆడపిల్ల. పల్చటి చెవులు. మొహం లేత గులాబి రంగు. వెలుతురుకి కళ్ళు చికిలించి చేతులు చాపింది.

చెవి తమ్మె పోయినావిడ ముందు లేచి ఎత్తుకుంది. ఆమె ఒళ్ళోంచి ఇంకొకరి ఒళ్ళోకి, అక్కడి నుంచి ఇంకొకరి ఒళ్ళోకి. గాట్లు చూపించిన వాళ్ళే అందరూ. ఒకరు సీసా ఉందా అని అడిగారు. నా దాకా వచ్చింది. గుండెకి ఆనించుకోగానే నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిద్రకి జోగింది. నేను కూడా ఇవ్వాలనుకోలేదు. అది రాయాలి కాబట్టి రాస్తున్నాను.

చివర పిన్ని దగ్గరికి వెళ్ళింది. బాబాయి ఆమె పక్కనే ఉన్నాడు. పిన్ని దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, వేళ్ళు, అరికాళ్ళు, నోరు చూసింది. అది ఆమె చూపుడువేలు పట్టుకుంది.

"ఎన్ని నెలలన్నారు?"

నాలుగు అన్నాడు శ్రీవత్స.

"పాలు మరిచిందా?"

ఇంకా లేదండి, సీసా పడుతున్నాం అన్నాడు.

"మరి దీని తల్లి ఏదండి?"

కేంద్రంలో ఉందన్నాడు. బాగానే ఉందన్నాడు. పిన్ని ఇంకా చూస్తూనే ఉంది. అతను చెప్పిందే మళ్ళీ చెప్పబోయి ఆగాడు. మొదటి రెండు వారాలు తల్లులు కొంచెం గొడవ చేస్తాయని, తర్వాత తగ్గుతాయని నెమ్మదిగా చెప్పాడు. పిల్లని ఎలా తీస్తారని ఆమె అడిగింది. తల్లికి మత్తు ఇచ్చి తీస్తామన్నాడు.

పిన్ని తల ఊపింది. ఇన్నేళ్ళలో ఈ హాలులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను అడగలేదు. బుల్లోడిని బుట్టలోంచి తీసిన రోజు ఆమె అడగలేదు.

"తల్లికే ఇచ్చెయ్యండి బాబూ" అంది. "మేం పెంచితే ఎలా పెరుగుతాయో మాకు తెలిసింది."

ప్రతినిధి దొరబాబు గారి వైపు చూశాడు. దొరబాబు గారు నా వైపు చూశారు. తీసుకోవాలంటే సంరక్షకురాలి పత్రం కావాలి. పత్రం నా ముందే ఉంది. తగదు అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

పిల్లని బుట్టలో పెట్టబోతే అది పిన్ని వేలు వదల్లేదు. నేను సాయానికి లేచాను. పిన్ని వద్దని తల అడ్డంగా ఊపింది. బాబాయి తన ఎడమ చేత్తో బుట్ట కదలకుండా పట్టుకున్నాడు. పిన్ని వంగి, దాని చిన్న వేళ్ళని చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా విప్పింది.